ఒర్రె ఎంబడి కిందికి

మా ఇంటి వెనక పారే నీళ్లకి నేను నాలా అని పేరు పెట్టాను. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగినదాన్ని, రెండు గజాల వెడల్పులో ఏ నీళ్లు పారినా నాకు నాలానే. ఇక్కడోళ్లు దాన్ని బాఖ్ అంటారు. మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, వచ్చిన రోజే వంటింటి కిటికీలోంచి చూసి, "ఇంటెనక ఒర్రె ఉన్నదని చెప్పనే లేదేంది బిడ్డా" అన్నారు. ఒర్రె అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. వెంటనే ఫోన్‌లో వెతికా. ఏదేదో వచ్చింది కానీ అది రాలేదు. "అంటే ఏంటి మామయ్యా?" అనడిగితే కిటికీలోంచి చెయ్యి చూపించి, "అంటే గదే" అన్నారు.

మేం ఉండే ఊరు జర్మనీలో, ఎర్లాంగెన్ సిటీకి బస్సులో ఇరవై అయిదు నిమిషాలు. సిటీలో ఇల్లు దొరక్క ఇక్కడికొచ్చి పడ్డాం. ఒక బేకరీ, ఒక చర్చి, గంటకో బస్సు. నేను ఇంట్లోంచే పనిచేస్తా. ఏడాదిపాటు ఆ ఊళ్లో నేను చూసింది ఇల్లు, బస్టాపు, నా ఫోను.

బస్టాప్ దగ్గర ఒక చెక్క బోర్డు ఉంది. బాఖ్ పక్కనే నడిచే దారి, ఆ దారిలో చూడాల్సిన ఏడు చోట్లు. చోటుకో స్తంభం, దాని మీద నంబరు, ఒక క్యూఆర్ కోడ్. పాత పిండిమర, రాతి వంతెన, చల్లనీళ్ల తొట్టి, మా ఇంటి వెనక చేపల చెరువులు, బీవర్ కట్టిన ఆనకట్ట, ఒకప్పుడు ఊరోళ్లు బట్టలుతికిన బండలు, చివర్న బాఖ్ పోయి పెద్ద నదిలో కలిసేచోట ఒక చెక్క చక్రం. నేనైతే ఆ బోర్డు దగ్గర నిలబడి బస్సు ఎప్పుడొస్తుందో ఫోన్‌లో చూసుకోవడమే తప్ప, ఒక్కసారి కూడా చదవలేదు. మామయ్య వచ్చిన రెండో రోజే అడిగారు, "గా బోర్డుల ఏం రాసున్నది?" అని. చదివి చెప్పా. "పోదాం పా" అన్నారు.

మామయ్య వాళ్ల ఊళ్లో నీరటి పని చేశారు. చెరువు తూము తియ్యడం, మూయడం, ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడటం. ఇప్పుడు ఆ పని లేదు, మోటార్లొచ్చాయి. కానీ మనిషి మాత్రం అలాగే ఉన్నారు. ఎక్కడ నీళ్లు కనపడినా ఆగి, కాసేపు ఊరికే చూస్తారు. నాకు చిరాకు. నేను ఐదు నిమిషాలు ఊరికే నిలబడాలంటే ఫోన్ కావాలి.

చల్లనీళ్ల తొట్టి దగ్గర నలుగురు పెద్దవాళ్లు ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, కొంగల్లాగా ఒక్కో కాలూ పైకెత్తి నీళ్లలో గుండ్రంగా తిరుగుతున్నారు.

"ఏమయింది వీళ్లకు?"

"ఏం కాలేదు మామయ్యా. చల్లనీళ్లలో ఇలా నడిస్తే ఆరోగ్యమంట."

"అట్లయితె మా దిక్కు నాట్లేసేటోళ్లంత నూరేండ్లు బతకాలె."

నాకు నవ్వాగలేదు. ఆ ముసలాయనల్లో ఒకాయన కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వి మాకు చెయ్యూపాడు.

బీవర్ కట్ట దగ్గర మాత్రం మామయ్య నవ్వలేదు. పుల్లలు, కొమ్మలు, బురద కలిపి నీళ్లకి అడ్డంగా కట్టిన కట్ట అది. గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. "ఎవరు కట్టిన్రు?" అనడిగారు. పెద్ద ఎలుక లాంటి జంతువు, పళ్లతో చెట్లు కొరికి కడుతుందని చెప్పా. "కాంట్రాక్టరు లేడు గద. అందుకే నిలవడ్డది" అన్నారు. ఆ మాటకి చివరికి తనే నవ్వారు, అప్పుడు మంకీ క్యాప్‌తో ఒక ఫొటో తీశా. ఆ ఫొటో తర్వాత నేను ఎవరెవరికి చూపించాల్సి వస్తుందో అప్పుడు తెలీదు.

మే నెల అది. మా ఆయన ఆఫీసు ట్రైనింగ్‌కి నాలుగు రోజులు బెర్లిన్ వెళ్లాడు. వెళ్తూ ఒక్కటే చెప్పాడు. మామయ్యకి షుగర్, ఇన్సులిన్ మీదున్నారు. "పొద్దున సూది వేసుకున్నాక పావుగంటలో తినేలా చూడు. లేటైతే షుగర్ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, ఇంకా లేటైతే మనిషే పడిపోతాడు. అదొక్కటి చూసుకో, అంతే." నేను ఫోన్‌లోంచి తలెత్తకుండా "సరేరా బాబూ, సరే" అన్నా. అంతే కదా అనుకున్నా.

మూడు రోజులు వాన పట్టింది. గురువారం పొద్దున కాస్త తెరిపిచ్చింది. ఉప్మా చేశా. మామయ్య పొట్టకి సూది వేసుకుని, ఇన్సులిన్ పెన్ను మూత పక్కన పెట్టి, ప్లేటు ముందు కూర్చున్నారు. అప్పుడే బెల్ మోగింది.

తలుపు తీస్తే చేపల చెరువులాయన. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఎర్రగా కందిపోయిన మొహం. ఇక్కడి పల్లె జర్మన్‌లో గబగబా అరుస్తున్నాడు. నాకు సగం అర్థమైంది. బ్రెట్, బ్రెట్ అంటూ చేతులతో ఏదో పైకి లాగినట్టు, అది కొట్టుకుపోయినట్టు చూపిస్తున్నాడు. బ్రెట్ అంటే చెక్క పలక. ఆయన రెండో చెరువులో నీళ్లు బయటికి పోయే తూముకి అడ్డంగా పలకలుంటాయి. అందులో ఒకటి నిన్న సాయంత్రం ఎవరో తీసేశారు. మొన్ననే వదిలిన చేపపిల్లలన్నీ ఆ సందులోంచి బాఖ్‌లోకి పోయాయి. పలక కూడా కొట్టుకుపోయింది. మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషిని పక్కింటావిడ చూసిందంట.

నేను వెనక్కి తిరిగా. మామయ్య లేచి వచ్చి నా వెనకే నిలబడి ఉన్నారు. భయం లేదు, దాపరికం లేదు.

"అవ్ బిడ్డా, నేనే తీసిన. మూడొద్దుల వానకు కట్ట మొత్తం నానింది. అవుతల దిక్కు నీళ్లు ఊరుతున్నయ్. ఒక్క పలక తీస్తె జానెడు దిగుతది, కట్ట బతుకుతది. నువ్వు ఆయనకు చెప్పు."

నేను చెప్పలేదు. ఆ ముక్క జర్మన్‌లో చెప్పడం నాకు రాక కాదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిగా ఆ ఊళ్లో ఎవరి నోట్లోనూ పడకుండా, చెత్త కూడా సరైన డబ్బాలోనే వేస్తూ బతుకుతున్నా. ఎంట్‌షుల్డిగుంగ్, ఎంట్‌షుల్డిగుంగ్ అని పదిసార్లు క్షమాపణ చెప్పి, ఇంకోసారి ఇలా జరగదని దండం పెట్టినంత పని చేశా. ఇంకోసారైతే పోలీసులకి ఫోన్ చేస్తా అని ఆయన వెళ్లిపోయాడు.

"చెప్పినవా?" అనడిగారు మామయ్య.

అప్పుడు నాకు తిక్క రేగింది. నాకు కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో కనపడదు. మా అమ్మ మీద అరిచా, మేనేజర్ మీద అరిచా, పెళ్లిలో పురోహితుడి మీద కూడా అరిచా. ఆ రోజు మామయ్య మీద.

"మీరిక్కడ నీరటి కాదు మామయ్యా, విజిటర్! వాళ్ల చెరువు, వాళ్ల కట్ట, తెగితే తెగనీయండి, మీకెందుకు? నేను ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగాలా వద్దా? తిని ఒక మూల కూర్చోలేరా?"

మామయ్య నా మొహం కూడా చూడలేదు. నాకు తొమ్మిదిన్నరకి వీడియో మీటింగ్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నా. బయటి తలుపు చప్పుడు వినపడ్డట్టే గుర్తు. అలిగి అలా తిరిగొస్తారులే అనుకున్నా.

నలభై నిమిషాల తర్వాత టీ కోసం వంటింట్లోకొచ్చా. ఉప్మా ప్లేటు అలాగే ఉంది. చెంచా కూడా కదల్లేదు. పక్కనే ఇన్సులిన్ పెన్ను, దాని మూత.

సూది వేసుకున్నారు. తినలేదు. వెళ్లిపోయారు. తిని ఒక మూల కూర్చోలేరా అన్నది నేను.

ఫ్రిజ్‌లో ఆపిల్ జ్యూస్ చిన్న ప్యాకెట్ ఉంటే జాకెట్ జేబులో కుక్కుకుని, చెప్పులతోనే పరిగెత్తా. ముందు చేపల చెరువు దగ్గరికి. ఎవరూ లేరు. రెండో చెరువు తూము దగ్గర ఒక పలక ఖాళీ, దాంట్లోంచి నీళ్లు దూకుతున్నాయి. ఫోన్ చేశా. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి. మూడోసారికి ఎత్తారు.

"మామయ్యా! ఎక్కడున్నారు?"

"పలక... పలక దొర్కింది బిడ్డా." గొంతు ఏదో మూతబడిన కుండలోంచి వచ్చినట్టుంది. "తీసినోన్ని నేనే గద. నేనే వెట్టాలె."

"పలక సంగతి వదిలేయండి, ఎక్కడున్నారు చెప్పండి!"

"ఒర్రె ఎంబడి... కిందికొచ్చిన."

"కిందికి అంటే ఎక్కడ? ఏమైనా తిన్నారా?"

"కిందికే బిడ్డా... కాళ్లు ఒణుకుతున్నయ్. జర కూసుంట."

కట్ అయిపోయింది. మళ్లీ చేస్తే, ఈ నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అని జర్మన్‌లో ఒకావిడ హాయిగా చెప్తోంది. ఆవిడ మీద కూడా అరిచా.

మ్యాప్ తీశా. స్క్రీన్ మధ్యలో మా ఊరు. పైనుంచి కింది దాకా వంకర నీలం గీత, బాఖ్. కిందికొచ్చిన అన్నారు. వేలితో గీతని కిందికి జరిపా. చల్లనీళ్ల తొట్టి, దాని కింద రాతి వంతెన, అన్నిటికన్నా అడుగున పిండిమర. అదీ, కింద అంటే. అటే పరిగెత్తా.

ఆ దారి పొడుగునా నీళ్లు నా పక్కనే ఉన్నాయి. ఒక్కసారి తల తిప్పి చూస్తే చాలు. నేను స్క్రీన్ మీద నీలం చుక్క కదులుతోందా లేదా అని చూసుకుంటూ పోయా.

తొట్టి దగ్గర ఒక్క ముసలావిడే నీళ్లలో నడుస్తోంది. ఫోన్‌లో ఫొటో చూపించా, బీవర్ కట్ట దగ్గర మంకీ క్యాప్‌తో నవ్వుతున్న ఫొటో. "ఈయన్ని చూశారా?" ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుంది. జేబులో లేవు. సంచిలో చూసింది. "తొందరగా చూడండి!" అని అరిచా. పాపం, అద్దాలు లేకుండానే ఫోన్ మొహం దగ్గర పెట్టుకుని, లేదమ్మా చూడలేదు, నేను పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నా, ఈ దారిన ఎవరూ రాలేదు అంది. నేను నమ్మలేదు. అద్దాలు లేనావిడకి ఏం కనపడుతుంది అనుకుని పరిగెత్తా. ఆవిడ ఒట్టి కాళ్లతో గట్టెక్కి వెనకనుంచి ఏదో పిలుస్తూనే ఉంది.

వంతెన కింద చూశా. దిగి, గోడ పట్టుకుని, చీకట్లోకి "మామయ్యా" అని అరిస్తే నా గొంతే నాకు తిరిగొచ్చింది. మా ఆయనకి ఫోన్ చేశా. స్విచాఫ్. ట్రైనింగ్‌లో ఫోన్లు పక్కన పెట్టిస్తారంట. మెసేజ్ టైప్ చేశా, "నాన్న కనపడట్లేదు." పంపలేకపోయా, చెరిపేశా. మా తెలుగు వాళ్ల గ్రూప్‌లో పెట్టా. నిమిషంలో పది రిప్లైలు. డోంట్ వర్రీ అక్కా. దండం పెట్టే చేతులు. ఒకరు, షుగర్ డాక్టర్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకున్నారా, చాలా లేటుగా ఇస్తారు, ఇప్పుడే బుక్ చేయండి అన్నారు. ఫోన్ బాఖ్‌లోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. విసరలేదు. నాకు మ్యాప్ కావాలి.

పిండిమర దగ్గరికి చేరేసరికి టైం చూశా. సూది వేసుకుని గంటన్నర దగ్గర పడుతోంది. మర ఇప్పుడు మర కాదు, టూరిస్టులకి అద్దెకిచ్చే ఇల్లు. తాళం వేసుంది. చుట్టూ తిరిగా, కట్టెల షెడ్‌లో చూశా. లేరు. మర పక్కన నీళ్లు లోతుగా, నల్లగా ఉన్నాయి. ఆ నీళ్లలోకి చూడాలంటే భయమేసింది. అయినా గట్టు మీద మోకాళ్లేసి, వంగి చూశా. ఏదైనా గుడ్డ కనిపిస్తుందేమో, మా ఆయన పాత నీలం జాకెట్ వేసుకుని వెళ్లారు, ఆ రంగు కనిపిస్తుందేమో అని. కనిపించకూడదు దేవుడా అనుకుంటూ దాని కోసమే వెతుకుతున్నా.

వంగినప్పుడు జేబులోంచి జ్యూస్ ప్యాకెట్ జారి నీళ్లలో పడింది.

"అరే, ఆగు!" అన్నా. జ్యూస్ ప్యాకెట్‌తో. చెయ్యి చాచా, అందలేదు. అది ఒక రాయి చుట్టూ తిరిగి, నిదానంగా, ఎవరో నడిపిస్తున్నట్టు కదిలింది. వంతెన వైపు. తొట్టి వైపు. మా ఊరి వైపు. నేను వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

దాన్నే చూస్తున్నా. చేతిలో ఫోన్ ఉంది. మ్యాప్‌లో అది పైకి పోతోంది.

అప్పుడు తెలిసింది. పలక కొట్టుకుపోయిందని చేపలాయన చెప్పాడు. ఆ పలకని వెతుక్కుంటూ మామయ్య వెళ్లారు. నీళ్లలో పడిన చెక్క ఎటు పోతుంది? ఈ ప్యాకెట్ ఎటు పోతోందో అటే. పుట్టాక ఇన్నేళ్లలో కింద అంటే నాకు గ్రౌండ్ ఫ్లోర్, లేదంటే స్క్రీన్ అడుగు. ఆయనకి కింద అంటే నీళ్లు పోయే వైపు. వేరే అర్థం ఉంటుందని కూడా ఆయనకి తోచి ఉండదు. బతికినన్నాళ్లూ చేసిన పనే అది. మాట సరిగ్గానే చెప్పారు. నేనే అరగంట పైగా ఆయనకి దూరంగా, వీలైనంత స్పీడుగా పరిగెత్తా.

తిరుగు దారి నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. పొట్టలో పోటు. తొట్టి దగ్గర ఆ ముసలావిడ నన్ను చూసి ఏదో అడిగింది, ఆగలేదు. అనకుండా ఉండాల్సిన మాట ఒకటుంటే, దాన్నే బుర్ర మళ్లీ మళ్లీ అంటుంది. తిని ఒక మూల కూర్చోలేరా. తిని ఒక మూల కూర్చోలేరా. అడుగుకి ఒకసారి.

చెరువు దగ్గర చేపలాయన ఉన్నాడు. కొత్త పలక కోసి తూముకి బిగిస్తున్నాడు. పొద్దున దండం పెట్టి పంపించిన మనిషి. నాకు వచ్చిన జర్మన్ అంతా ఆవిరైపోయింది. మూడే మాటలొచ్చాయి. ష్వీగర్‌ఫాటర్, అంటే మామగారు. ఇన్సులిన్. ఎస్సెన్ లేదు. చివరి ముక్క సగం తెలుగే, తినలేదని. ఆయన సుత్తి కింద పెట్టి, "ఎక్కడ?" అన్నాడు.

మ్యాప్ చూపించబోయి ఆగిపోయా. నీళ్ల వైపు చెయ్యి చూపించి, అవి పోతున్న వైపు తిప్పా.

"బాఖ్‌అబ్‌వెర్ట్స్," అన్నాడు. ఒర్రె ఎంబడి కిందికి. వాళ్ల దగ్గర కూడా ఉంది ఆ మాట, ఒక్క ముక్కలో. పదేళ్ల పిల్లకి కూడా తెలిసుంటుంది.

తన టిఫిన్ డబ్బా సంచి భుజానేసుకుని ఆయన ముందు, నేను వెనక. బీవర్ కట్ట దగ్గర లేరు. బురదలో బూటు గుర్తులున్నాయి, మామయ్య వేసుకు తిరిగే మా ఆయన పాత బూట్లవి. దాని తర్వాత దారి పొదల్లోంచి పోతుంది. ఆరో నంబరు స్తంభం, బట్టలుతికే బండలు.

మామయ్య ఒక బండకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కాళ్లు నీళ్లలో. ఒళ్లో పలక, రెండు చేతులతో పిల్లాణ్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. మొహం నిండా చెమట, ఆ చలిలో జాకెట్ కాలర్ తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడట్లేదు. "మామయ్యా" అంటే పెదాలు కదిలాయి. "మూయ్... తూము మూయ్..." అంటున్నారు.

జేబు తడుముకున్నా. జ్యూస్ లేదని అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

112కి చేశా. ఎక్కడున్నారు అని అడుగుతోంది అవతలావిడ. నాకు అడ్రస్ తెలీదు. బాఖ్, బాఖ్ అంటున్నా. చేపలాయన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, స్తంభం మీది నంబరు చెప్పి, ఊరి పేరు చెప్పి, స్పీకర్ ఆన్ చేసి బండ మీద పెట్టాడు. అవతలావిడ అడుగుతోంది, మింగగలుగుతున్నాడా, మాట్లాడుతున్నాడా. ఆయన మామయ్య గడ్డం పట్టుకుని ఏదో అడిగాడు, మామయ్య గుటక వేశారు. డబ్బా తెరిచి, తన బ్రెడ్ మధ్యలో పూసుకున్న జామ్‌ని వేలితో గీకి, మామయ్య బుగ్గ లోపల, చిగుళ్ల మీద కొంచెం కొంచెంగా రాశాడు. చేపల వాసన వేలు. మళ్లీ గీకాడు, మళ్లీ రాశాడు. నేను ఏం చెయ్యాలో తెలీక ఒళ్లోంచి పలక తీయబోయా. మామయ్య వదల్లేదు.

ఎంతసేపో తెలీదు. ఫోన్ నా చేతిలో లేదు, టైం చూడలేదు. ఉన్నట్టుండి మామయ్య కళ్లు నా మీద ఆగాయి. తర్వాత చేపలాయన మీద. పలక ఆయన వైపు జరిపి, "ఇగో నాయినా, నీ పలక" అన్నారు.

ఆయన నా వైపు చూశాడు. "మీ పలక అంటున్నారు," అని చెప్పా. తర్వాత ఏడుస్తూనే, పొద్దున చెప్పనిది కూడా చెప్పా. కట్ట నానిందని, అవతల ఊరుతోందని, అందుకే తీశారని.

"తెలుసు," అన్నాడు ఆయన. "మా నాన్న ఉన్నప్పట్నుంచీ ఊరుతూనే ఉంది." జామ్ వేలు ప్యాంటుకి తుడుచుకుని, పలక తీసుకున్నాడు.

"ఏమంటున్నడు?" అనడిగారు మామయ్య.

"మీరు చెప్పింది నిజమేనంట."

"మరి బాగు చేపియ్యమను."

అంబులెన్స్ వచ్చింది. ఎర్లాంగెన్ హాస్పిటల్‌లో చేతికి గ్లూకోజ్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే అని డాక్టర్ మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. మా ఆయన ఫోన్ చేశాడు, విని, రాత్రిలోపు వచ్చేస్తా అని పెట్టేశాడు. నన్నేమీ అడగలేదు. అడగాల్సింది ఏదో ఉందని వాడికి ఇంకా తెలీదు.

సాయంత్రం ఒక నర్స్ ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చింది. నా వయసే ఉంటుంది. ఏ ఇన్సులిన్, ఎంత, ఎన్నింటికి, అన్నీ అడిగి టైప్ చేస్తోంది. నేను మధ్యలో కూర్చుని అటు తెలుగు, ఇటు జర్మన్. చివర్లో అడిగింది, సూది వేసుకున్నాక తినాలని ఆయనకి తెలుసు కదా, మరి ఎందుకు తినలేదు అని.

నాకు తెలిసిన జవాబుని ఆ అమ్మాయికి నేనే చెప్పేయొచ్చు. మామయ్య వైపు తిరిగా.

"ఎందుకు తినలేదు అని అడుగుతోంది మామయ్యా."

మామయ్య కాసేపు నన్ను చూశారు. పొద్దున చూడని చూపు అది, పూర్తిగా మొహంలోకి.

"ఆకలి గాలేదని చెప్పు," అన్నారు.

పొద్దున ఆయన చెప్పమన్న నిజం నేను చెప్పలేదు. ఇప్పుడు ఆయన చెప్పమన్న అబద్ధం చెప్పా. కైనెన్ హుంగర్ అన్నా, నా గొంతు నాకే వినపడనంత మెల్లగా. నర్స్ సరిగ్గా వినపడక ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పా.

ఆ అమ్మాయి తలూపి టైప్ చేసుకుంది. డిశ్చార్జ్ కాగితంలో అది ఒక లైను. ఇంటికొచ్చాక మా ఆయన అది చదివి, "నాన్నకి ఆకలి వెయ్యకపోవడమేంటి?" అన్నాడు. మామయ్య కిటికీలోంచి ఒర్రె చూస్తున్నారు. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నా.